పండ్ల బండికి చోటు చూపించండి

సైబరాబాద్ ఐటీ కారిడార్ రోడ్ల బాధ్యత చూసే మున్సిపల్, ట్రాఫిక్ పోలీసు ఉన్నతాధికారులకు, టౌన్ వెండింగ్ కమిటీ సభ్యులకు



మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి రోడ్ల మీద రద్దీ పెరిగిందని ఎవరు ఫిర్యాదు చేసినా, ఏ పెద్దలు అటుగా వస్తున్నా మొదట ఖాళీ అయ్యేది తోపుడు బండ్ల చోటే. రెండు వరుసల్లో ఆగిన క్యాబులు అలాగే ఉంటాయి. షోరూముల ముందు కాలిబాట మీదికెక్కిన కార్లూ ఉంటాయి. జామకాయల బండి మాత్రం వెళ్లిపోవాలి. అడగడానికి దాని వెనక ఎవరూ లేరు, నెడితే కదులుతుంది, అందుకే నెడుతున్నారు. రోడ్డును బాగుచేసే పని ఇక్కడి నుంచే మొదలవ్వాలన్న ఆలోచనను నేను ఒప్పుకోలేను. ఈ కారిడార్‌కు పనికి వచ్చిపోయే లక్షల మందిలో ఒకదాన్నిగా, ఆ బండ్ల దగ్గర పండ్లు కొనుక్కునేదాన్నిగా మీకీ లేఖ రాస్తున్నాను.

మీ ఫైళ్లలో పండ్ల బండి రద్దీ లెక్కలోకి వస్తుంది. దాన్ని తిండి లెక్కలో, ఆరోగ్యం లెక్కలో ఒక్కసారైనా చూశారా? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, గచ్చిబౌలి ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు మన నగరపు ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఒక అధ్యయనం ప్రచురించారు. పరీక్షించిన వాళ్లలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరింది. 71 శాతం మందికి ఊబకాయం ఉంది. ఈ సంగతి పార్లమెంటు దాకా వెళ్లింది. గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం, రాత్రి షిఫ్టులు, నిద్ర లేకపోవడం, వేళ తప్పిన తిండి అన్నీ ఈ జబ్బుల వెనక ఉన్నాయి. పండు తింటే ఇవన్నీ నయమైపోతాయని నేననడం లేదు. సాయంత్రం నాలుగింటికి ఆకలేసిన మనిషికి గేటు దాటి నాలుగడుగుల్లో ఏం దొరుకుతోందన్నదే నా ప్రశ్న. చిప్స్, బిస్కెట్లు, తీపి పానీయాలు అమ్మే యంత్రాలు భవనాల లోపలే చల్లగా ఉన్నాయి. వాటిని ఎవరూ తరమరు. బయట ఎండలో నిలబడ్డ బొప్పాయి ముక్కల మనిషినే తరుముతారు. రోగం ఎటు ఉందో అంకెలు చెబుతుంటే, మీ చేతిలోని లాఠీ ఎటు తిరుగుతోంది?

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి మన నగరానికి వచ్చింది. దేశం మొత్తానికి ఏం తినాలో, ఎంత తినాలో చెప్పేది ఆ సంస్థే. 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంది. 100 గ్రాములంటే ఒక మాదిరి జామకాయ, లేదా ఒక అరటిపండు. విటమిన్ సి విషయంలో మన జామకాయ నారింజ కంటే ఎంతో ముందుంటుందని పోషకాహార నిపుణులు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. తార్నాకలో ఇచ్చిన ఈ సలహాను మాదాపూర్‌లో పాటించాలంటే ఒక్క జామకాయ అమ్మేవాళ్లు కావాలి కదా? సూపర్ మార్కెట్‌లో అవి నాలుగేసి చొప్పున ప్లాస్టిక్ పొట్లంలో ఉంటాయి. యాప్‌లో తెప్పించుకుంటే డెలివరీ ఖర్చు కలుస్తుంది. ఒకే ఒక్క కాయను కోసి, ఉప్పూ కారం చల్లి చేతిలో పెట్టేది బండి దగ్గరే.

ఆ కాయను కొనేది ఎవరో సాయంత్రం మైండ్‌స్పేస్ గేటు దగ్గరో, రాయదుర్గం మెట్రో మెట్ల కిందో నిలబడి చూడండి. ఐడీ కార్డు మెడలో వేసుకున్న ఉద్యోగులు ఒక పక్క ఉంటారు. వాళ్లకంటే ఎక్కువగా కనిపించేది పన్నెండు గంటల డ్యూటీలో ఉన్న సెక్యూరిటీ గార్డు, అంతస్తులన్నీ తుడిచి కిందికి దిగిన హౌస్‌కీపింగ్ అక్క, తర్వాతి ట్రిప్పు కోసం ఎదురుచూసే క్యాబ్ డ్రైవర్, హాస్టల్లో చల్లారిన అన్నం తినలేక రెండు అరటిపండ్లతో రాత్రి గడుపుకొనే కొత్త ఉద్యోగిని. ఈ అద్దాల మేడలను నడిపిస్తున్నది వీళ్లే. లోపలి ఫుడ్ కోర్టులో పండ్ల రసం గ్లాసు ధర ఆ గార్డుకు అందేది కాదు. బండి తీసేస్తే ఉద్యోగికి కొంత అసౌకర్యం, అంతే. గార్డుకైతే ఆ పూట పండే ఉండదు. రోడ్డు ఖాళీ చేయించాలని సంతకం పెట్టేటప్పుడు ఈ తేడా మీ లెక్కలోకి వస్తోందా?

ఇంకో సంగతి మీ దాకా రాలేదేమో. మన నేల పండ్లలో చాలావాటికి బండి, గంప తప్ప వేరే దారి లేదు. ఆపిల్‌ను నెలల తరబడి శీతల గిడ్డంగిలో దాచి, ఎప్పుడైనా, ఎక్కడైనా అమ్మొచ్చు. సీతాఫలం అలా ఆగదు. కళ్లు విచ్చిన కాయను కోసి గడ్డిలో మాగేస్తే రెండు మూడు రోజుల్లో పండుతుంది. పండాక ఒక్క రోజు ఆలస్యమైతే చేతిలోనే చితికిపోతుంది. పాలమూరు గుట్టల మీద, చేన్ల గట్ల మీద కాసే ఆ కాయలు దసరా దీపావళి రోజుల్లో గంపలకెత్తి నగరానికి వస్తాయి. బాలానగర్ సీతాఫలం అని దేశమంతా పిలిచే రకం పేరు ఆ జిల్లాలోని ఊరిదే. అమ్మే మనిషి ఒక్కో కాయను వేలితో నొక్కి చూసి, ఇది ఇవాళ తినండి, ఇది రేపటికి అని విడదీసి ఇస్తుంది. ఆ చెయ్యి, ఆ మాట లేకుండా సీతాఫలం వ్యాపారం లేదు.

ఎండాకాలం ముంజలు ఇంకా సున్నితం. గెల దగ్గర పెట్టుకుని, కొడవలితో కాయ చెక్కి, లేత ముంజను బొటనవేలితో పైకి తీసి ఆకులో వేసి ఇవ్వాలి. పొద్దున తీసినవి సాయంత్రానికి రుచి తప్పుతాయి. నల్లగొండ, యాదాద్రి వైపు తాళ్లెక్కి దించిన గెలలను ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చే మనిషికి మీరు చూపించే చోటేది? తొలకరిలో నేరేడు పండ్లు వస్తాయి, కొన్ని వారాలే ఉంటాయి, చేతులూ నాలుకా ఊదా రంగెక్కుతాయి. సంక్రాంతికి రేగుపండ్లు. నూజివీడు వైపు నుంచి వచ్చే రసాలు నలిగితే కారిపోతాయి. వాటిని ఒత్తి ఒత్తి జుర్రుకునే పిల్లలు ఈ కారిడార్ అపార్ట్‌మెంట్లలోనూ ఉన్నారు. కొల్లాపూర్ మామిడి, బంగినపల్లి, హిమాయత్, నల్లగొండ బత్తాయి, గోదావరి చక్కెరకేళి ఇవన్నీ తమ తమ నెలల్లో ఈ రోడ్ల మీదికి వచ్చిపోతుంటాయి. ఏసీ గదిలో వేళాపాళా తెలియకుండా గడిపేవాళ్లకు ఏ నెల నడుస్తోందో చెప్పేది ఆ బండే. బండిని తీసేస్తే ఆపిల్, కివీ మిగులుతాయి. ముంజలు, నేరేడు, సీతాఫలం ఈ ప్రాంతం నుంచే వెళ్లిపోతాయి. వాటిని కాయించే పల్లెకు ఇక్కడి కొనుగోలుదారు దూరమైపోతాడు. ఇంత పెద్ద నిర్ణయం ఒక ట్రాఫిక్ సమీక్షలో జరిగిపోవచ్చా?

చట్టం మాటకొస్తాను. ఇది మీకు తెలియదని కాదు. తెలిసీ ఎందుకు అమలు చేయడం లేదన్నదే నా అభ్యంతరం. వీధిలో వ్యాపారం చేసుకోవడం పౌరుల ప్రాథమిక హక్కులోకే వస్తుందని, దానికి సహేతుకమైన ఆంక్షలు మాత్రమే పెట్టవచ్చని 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే పూర్తయి, వ్యాపారులందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని ఆ చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. ఖాళీ చేయించాల్సి వచ్చినా, వేరే చోటికి మార్చాల్సి వచ్చినా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 18వ సెక్షన్ చెబుతోంది. సర్టిఫికెట్ ఉండి నిబంధనల ప్రకారం అమ్ముకునే మనిషిని పోలీసులతో సహా ఎవరూ అడ్డుకోరాదని 27వ సెక్షన్ చెబుతోంది. జామకాయలమ్మే మనిషికి 30 రోజుల నోటీసు చివరిసారి ఎప్పుడిచ్చారు? కాగితం మీద ఇచ్చారా, విజిల్ ఊది ఇచ్చారా?

పండ్ల వ్యాపారులకు ప్రాణంలాంటిది ఇదే చట్టంలోని 19వ సెక్షన్. సరుకు జప్తు చేస్తే జాబితా రాసి, సంతకంతో కాపీ ఇవ్వాలి. పాడైపోయే సరుకైతే యజమాని అడిగిన రోజే తిరిగిచ్చేయాలి. ఈ ఒక్క వాక్యాన్ని పార్లమెంటు ఎవరి కోసం రాసిందో చెప్పనక్కర్లేదు. మే నెల ఎండలో లారీలో పడేసిన రెండు బుట్టల మామిడి మర్నాటికి ఏమవుతుంది? జరిమానా కట్టి బండిని విడిపించుకోవచ్చు, కుళ్లిన పండ్లను విడిపించుకుని ఏం చేసుకోవాలి? అప్పు తెచ్చి కొన్న సరుకు అది. మీ పరిధిలో జప్తు చేసిన పండ్లలో అదే రోజు తిరిగిచ్చినవి ఎన్నో లెక్క ప్రకటించగలరా? ప్రకటించండి. ఆ లెక్క బాగుంటే మొదట అభినందించేది నేనే.

ఆ అప్పు కూడా చాలాసార్లు ప్రభుత్వమే ఇప్పించింది. కోవిడ్ తర్వాత వీధి వ్యాపారులను నిలబెట్టడానికి 2020 జూన్‌లో పీఎం స్వనిధి పథకం మొదలైంది. తొలి విడత పెట్టుబడి రుణం అప్పట్లో 10,000 రూపాయలు, 2025లో దాన్ని 15,000కు పెంచి పథకాన్ని 2030 దాకా పొడిగించారు. దరఖాస్తులు తీసుకుని బ్యాంకులకు పంపేది మున్సిపల్ యంత్రాంగమే. నువ్వు వ్యాపారివి అని గుర్తించి రుణం ఇప్పించిన చేత్తోనే, ఇక్కడ నీకు చోటు లేదని బండి లాక్కుంటే ఆ కిస్తీ ఎవరు కట్టాలి?

2024 జనవరి నెలాఖరున మాదాపూర్‌లో కుమారి ఆంటీ భోజనాల బండి విషయంలో ఏం జరిగిందో రాష్ట్రమంతా చూసింది. జనం గుమిగూడి ట్రాఫిక్ ఆగుతోందని పోలీసులు ఆపించారు. మర్నాడే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుని, ఆమెను అక్కడే కొనసాగనివ్వమన్నారు. ఆమెకు న్యాయం జరిగినందుకు సంతోషించాను. ఆ తర్వాత నన్ను వదలని సందేహం ఒకటుంది. ఆమె సంగతి యూట్యూబ్ ద్వారా లక్షల మందికి తెలిసింది. పక్క రోడ్డులో బత్తాయిలమ్మే ముసలాయన సంగతి ఎవరికీ తెలియదు. ఆయన కోసం ముఖ్యమంత్రి ఫోన్ చేయరు, చేయాల్సిన అవసరమూ ఉండకూడదు. ఆయనకు చట్టం ఉంది, ఆ చట్టాన్ని అమలు చేయడానికి మీరున్నారు. పేరున్న మనిషికి ఒక రోజులో దొరికిన న్యాయం పేరులేని మనిషికి పదేళ్లయినా అందకపోతే, దానికి సమాధానం ఎవరు చెప్పాలి?

మీ వైపు ఇబ్బందీ నాకు తెలుసు. సాయంత్రం ఆరు దాటాక సైబర్ టవర్స్ కూడలి దగ్గర అంబులెన్సు ఇరుక్కుంటే ఆ క్షణం మీ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించగలను. కాలిబాట మొత్తం బండ్లే ఆక్రమిస్తే చూపు లేనివాళ్లు, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి రోడ్డు మీదికి దిగాల్సి వస్తుంది. అది అన్యాయమే, దాన్ని నేను సమర్థించను. మలుపుల దగ్గర, జీబ్రా గీతల దగ్గర బండి ఉండకూడదంటే నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. అందుకే కదా ఆ చట్టంలో ఎక్కడ అమ్మవచ్చు, ఎక్కడ కొన్ని వేళల్లోనే అమ్మవచ్చు, ఎక్కడ అసలు అమ్మకూడదు అని విడదీసి ప్లాన్ గీయమన్నారు? నాకు కనిపించేదల్లా అమ్మకూడదనే చోట్లే. అమ్మవచ్చనే చోట్లు ఎక్కడున్నాయో బండి నడిపే మనిషికి తెలిసేలా ఒక బోర్డు పెట్టారా?

ఆ ప్లాన్ గీసేటప్పుడు ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక పొరపాటు జరిగే వీలుంది. వార్డు లేదా నగర జనాభాలో 2.5 శాతం మేరకు వ్యాపారులకు చోటు కల్పించాలని చట్టం కొలమానం పెట్టింది. మాదాపూర్, రాయదుర్గం లాంటి చోట రాత్రి నిద్రపోయే జనాభా వేరు, పగలు పనిచేసే జనాభా వేరు. మియాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో, బస్సులో, బైకు మీద వచ్చేవాళ్లు ఆ వార్డు జనాభా లెక్కలో ఉండరు. ఆకలి మాత్రం వాళ్లకు ఇక్కడే వేస్తుంది. ఓటరు జాబితా చూసి బండ్ల సంఖ్య తేల్చకండి. పగటి జనాన్ని లెక్కపెట్టండి, మెట్రో స్టేషన్లలో రోజూ దిగేవాళ్ల సంఖ్య మీకు అందుబాటులోనే ఉంటుంది.

కార్బైడ్ సంగతి ఎత్తుతారని తెలుసు. మామిడిని కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టడం నేరం. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం మించకుండా వాడుకోవచ్చని ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. కార్బైడ్ వాడేవాళ్లను వదలొద్దు. కానీ మాగబెట్టడం జరిగేది బండి మీద కాదు. టోకు మార్కెట్‌లో, గోదాముల్లో జరుగుతుంది. గడ్డి అన్నారం మార్కెట్‌ను ఆసుపత్రి కోసం ఖాళీ చేయించి 2021లో విజయవాడ హైవే మీది బాటసింగారానికి మార్చారు. తనిఖీ చేయాల్సిన అధికారి తెల్లవారుజామున అక్కడుండాలి. హైటెక్ సిటీ నుంచి చూస్తే అది నగరానికి ఆ చివర. అక్కడి నుంచి సరుకు తెచ్చుకోవడానికి చీకటితో లేచే మనిషికి ఏ కాయ ఎలా మాగిందో కనిపెట్టే పరికరం లేదు. మూలం దగ్గర పట్టుకోకుండా చివరి మనిషి బుట్ట బోర్లించి ఫొటో తీసుకుంటే ప్రజారోగ్యం బాగుపడుతుందా?

పండ్లకు చోటివ్వడం ఈ నగరానికి కొత్త కాదు. ఏడో నిజాం కాలంలో, 1935లో, మొజంజాహీ మార్కెట్‌ను పండ్ల అంగడిగానే రాతితో కట్టించారు. గడియార స్తంభంతో, వరుస దుకాణాలతో, నగరం నడిబొడ్డున. పండ్లమ్మేవాడికి నీడ, తూకానికి చోటు, కొనేవాళ్లకు నడిచే దారి ఉండాలని ఆనాటి పాలకులు అనుకున్నారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఇక్కడ ఫ్లైఓవర్లు వచ్చాయి, అండర్‌పాస్‌లు వచ్చాయి, దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. పండ్లమ్మేవాళ్ల కోసం కట్టిన నీడ ఎంత? మున్సిపల్ యంత్రాంగమే 2019లో శిల్పారామం పక్కన, వాడిపారేసిన ప్లాస్టిక్‌తో తయారైన దుకాణాలతో వీధి వ్యాపారుల జోన్ ఏర్పాటు చేసింది. అప్పుడు దేశమంతా మెచ్చుకుంది. చేయగలరని మీరే చూపించారు. ఒక్క చోట చేసి ఎందుకు ఆగిపోయారు? రాయదుర్గం స్టేషన్ దగ్గర, నానక్‌రాంగూడలో, కొత్తగూడ కూడలిలో అలాంటిది ఎందుకు లేదు?

చోటు లేదనే జవాబు ఈ ప్రాంతంలో చెల్లదు. ఫ్లైఓవర్ల కింద ఉంది. మెట్రో స్తంభాల మధ్య ఉంది. టెక్ పార్కుల ప్రహరీలకు, రోడ్డుకు మధ్య గడ్డి పెంచి గొలుసులు కట్టిన పట్టీలున్నాయి. పండ్ల బండి అయిదారడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉంటుంది. ఒక కారు ఆగే చోట రెండు బండ్లు పడతాయి. క్యాబులు ఆగడానికి గీతలు గీసిన మీకు, బండ్లు ఆగడానికి గీతలు గీయడం కష్టమా? పొద్దున రద్దీ తగ్గాక పదకొండు నుంచి నాలుగు దాకా ఒక చోట, సాయంత్రం ఇంకో చోట అని వేళలు పెట్టండి. చెత్తకుండీ, తాగునీటి కొళాయి, కోసిన ముక్కల మీద మూత తప్పనిసరి చేయండి. నెలకింత అని రుసుము వసూలు చేయండి, రసీదు ఇవ్వండి. రసీదు లేకుండా చేతులు మారే డబ్బు అప్పుడే ఆగుతుంది. బండి మనిషి దీనికి కాదనడు. రేపు కూడా ఇదే చోట నిలబడొచ్చన్న భరోసా ఉంటే చాలు, మిగతా నిబంధనలన్నీ తనే పాటిస్తాడు.

టౌన్ వెండింగ్ కమిటీ సభ్యులకు విడిగా ఒక మాట. మీ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలని, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలని చట్టం చెబుతోంది. ఐటీ కారిడార్ గురించి నిర్ణయం తీసుకున్న ఏ సమావేశంలోనైనా గంపతో సీతాఫలాలు తెచ్చే ఒక్క పాలమూరు మహిళైనా కూర్చుందా? ఆమె మాట మినిట్స్‌లోకి ఎక్కిందా? సమావేశాల మినిట్స్ బయట పెట్టండి, మేము చదువుకుంటాం.

నేను అడిగేవి కొత్త చట్టాలు కావు, కొత్త బడ్జెట్లు అంతకన్నా కావు. మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా సర్వే పూర్తయిందో లేదో, ఎవరికి సర్టిఫికెట్లు ఇచ్చారో చెప్పండి. పూర్తి కాకపోతే, అయ్యేదాకా ఒక్క పండ్ల బండిని కూడా కదిలించవద్దని మీ సిబ్బందికి రాతపూర్వక ఆదేశం ఇవ్వండి. జప్తు చేసిన పండ్లను అదే రోజు తిరిగివ్వడానికి ప్రతి సర్కిల్ కార్యాలయంలో ఒక బాధ్యుడిని నియమించి, ఆ ఫోన్ నంబరు తెలుగులో, ఉర్దూలో, హిందీలో బయట రాయించండి. మెట్రో స్టేషన్ల దగ్గర, పెద్ద క్యాంపస్‌ల గేట్ల దగ్గర బండ్ల చోటు గీతలు గీయించండి. సీతాఫలాల గంపలు పాలమూరు బస్సు దిగేది దసరాకు. ఆ లోపు ఈ పనులు చేస్తారా, చేయరా? ఒక తేదీ చెప్పండి.

ఇట్లు,
మాదాపూర్‌లో ఉద్యోగం చేసే ఒక పౌరురాలు